టైల్సు మీద గట్టు నడక

మా తోడల్లుడు తాతాజీ మీద నాకు చాలా కోపంగా ఉంది. మనిషి ఒంటికి కసరత్తు కావాలంటే అపార్ట్‌మెంటు హాలును మించిన చోటు ఈ భూమ్మీద లేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. తెలిసి కూడా నాకు యాభై దాటేదాకా చెప్పలేదు. అన్నేళ్ళూ నన్ను గాలీ వెలుతురూ తగిలే చోట్ల తిరగనిచ్చి నా సగం ఆయుష్షు పాడుచేశాడు.

ఏలూరులో వట్లూరు రోడ్డు పక్కన మా అపార్ట్‌మెంటు. రెండో అంతస్తు, డబుల్ బెడ్‌రూము. హాలు అని పేరు పెట్టిన గదిలో సోఫా, టీవీ, ఫ్రిజ్జు, బట్టలు ఆరేసే స్టాండు పోగా మిగిలిన జాగా మా ఊళ్ళో దూడను కట్టేసే చోటంత ఉంటుంది. దూడకు చాలినది మనిషికి చాలదా?

నన్ను ఈ దారిలో పెట్టింది డాక్టరుగారు. షుగరు పెరిగిందని చెప్పి, "మూడు నెలలు టైమిస్తున్నానండీ. నడుస్తారో, గెంతుతారో మీ ఇష్టం. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టేద్దాం" అన్నారు. నేను తాచుపాముకు దారిచ్చి పక్కన నిలబడ్డవాణ్ణి. సూదిని చూస్తే మాత్రం ఆమడ దూరం పరిగెత్తుతాను. అది కూడా ఎవరో పొడవడం కాదట, బతికినన్నాళ్ళూ మనకు మనమే పొడుచుకోవాలట! ఆ సాయంత్రమే కసరత్తు మొదలుపెట్టాను.

బయట నడవచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. రోడ్డు మీద ఒకపక్క ఇసుక లారీ, ఒకపక్క కుక్కలు. డాబా మీద నడుద్దామంటే ఎవరి వడియాలు ఎవరు తొక్కారన్న గొడవ వచ్చినప్పటినుంచి అసోసియేషన్ వారు దానికి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో అసోసియేషన్‌కే తెలియదు. నన్నడిగితే అదీ మన మంచికే. ఎండ తగలదు, వాన తగలదు, పలకరించే మనిషి కూడా తగలడు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను గాని, యూట్యూబు చూడ్డానికి ఏడు చాలు. అందులో ఒక అమ్మాయి కసరత్తు నేర్పుతుంది. ఆ అమ్మాయి ఉండే గదిలో మా ఊరి రైసు మిల్లు పడుతుంది. "ముందు మీ చుట్టూ కొంచెం ఖాళీ చేసుకోండి" అంటుంది. సోఫాను బెడ్‌రూములోకి తోశాను. స్టాండును బాల్కనీలో పెట్టాను. కుర్చీలు వంటింట్లోకి పోయాయి. నాకు ఖాళీ దొరికేసరికి మా ఆవిడ నాగదుర్గ మెట్ల మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది.

చేతులు పైకి చాపితే ఫ్యాను. పక్కలకు చాపితే ఒకటి ఫ్రిజ్జుకు, రెండోది వెంకటేశ్వరస్వామి పటానికి తగులుతాయి. కసరత్తూ దండమూ ఒకేసారి అయిపోతున్నాయి. నెలనెలా డబ్బు కట్టించుకునే జిమ్ముల్లో ఈ సదుపాయం ఉందా? వంగి కాళ్ళు ముట్టుకోబోతే నాగదుర్గ అంది, "ఎలాగూ వంగుతున్నారు కదండీ, ఆ ఫ్రిజ్జు కింద చీపురు కూడా పోనివ్వండి." ఇల్లు కూడా శుభ్రమైపోయింది.

గెంతడం మొదలుపెట్టిన వారానికి కింది ఫ్లాటు సత్యవేదం గారు తలుపు తట్టారు. రిటైరైన హెడ్మాస్టరు. కాకిని తోలడానికి కూడా అండీ అనే మనిషి.

"ఏవండీ, పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నానేమో. పైన ఏమైనా దంచుతున్నారాండీ?"

"లేదండీ. గెంతుతున్నాను."

"అలాగా అండీ. ఎవరైనా మీ వెంటపడ్డారేమోనని మా ఇంట్లో ప్రార్థన చేస్తున్నారు."

"డాక్టరుగారు గెంతమన్నారండీ."

"తప్పకుండా గెంతండి. ఆరోగ్యం ముఖ్యం. మరి నా కాఫీలో సున్నం పడుతోందండీ. నాకింకా ఏ డాక్టరూ సున్నం రాయలేదు."

అంత మర్యాదగా చెప్పాక గెంతగలమా? నడకలోకి దిగాను. నడకలోనే నాకు హాలు గొప్పతనం పూర్తిగా తెలిసింది.

సంగతేమిటంటే, నా కాళ్ళు హాలు మధ్యలో నడవవు. టైలుకీ టైలుకీ మధ్య సన్నగా గీత ఉంటుంది చూశారా, దాని మీదే పడతాయి. ఒక పాదం ముందు ఒక పాదం, వేళ్ళు నేలకు నొక్కిపెట్టి, గోడ పక్కగా వెళ్ళి, మూల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, మళ్ళీ మలుపు తిరుగుతాను. నాగదుర్గ కొన్నాళ్ళు ఓపిక పట్టింది.

"మధ్యలో నడవచ్చు కదండీ. మనం కొనుక్కున్న ఇల్లే."

"మధ్యలో ఎలా తొక్కుతానే?"

"ఏముంది మధ్యలో?"

నేను మూల దగ్గర మలుపు తిరిగాను. ఆమె కూడా బక్కెట మోసుకుంటూ గోడ పక్కనుంచే వెళ్ళడం ఆ తర్వాత గమనించాను.

నేనిలా సుఖపడుతుంటే తాతాజీ అన్నయ్యగారి పరిస్థితి చూస్తే జాలేస్తుంది. ఆయన పొద్దున్నే చేపల చెరువు గట్టు మీద నడుస్తూ, ఫోను చేత్తో పట్టుకుని, ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెడతాడు. మంచు. కొంగలు. కొల్లేటి వైపునుంచి గాలి. "తమ్ముడూ, ఈ గాలి చూడవయ్యా. మనిషనేవాడు నడవాల్సింది ఇక్కడే" అని అరుస్తాడు. పాపం ఆయనకు ఫ్యాను లేదు. ఫ్రిజ్జు లేదు. పక్కన దేవుడి పటమైనా లేదు. ఎంత దూరం నడిచినా గోడ అడ్డం రాదు. అలాంటి నడకలో ఒక పద్ధతి ఎలా వస్తుంది?

ఒక ఆదివారం పొద్దున బాల్కనీ దాకా నడిచాను. మా వాషింగ్ మెషిను కారుతుంది. ఆ నీరు గోడకున్న గొట్టంలోంచి కిందివాళ్ళ బాల్కనీలో పడకుండా నాగదుర్గ దానికి పాతగుడ్డ కుక్కింది. ఆ రోజు నీరు మడమల దాకా నిలిచి ఉంది. నిలిచిన నీటిని చూసి నా కాలు ఊరుకోదు. నేనేం ఆలోచించలేదు. మడమతో ఒక్క తోపు తోశాను. గుడ్డ ఊడింది. నీరు గుడగుడమంటూ పోతుంటే, ఎన్నాళ్ళ తర్వాతో కడుపులో చల్లగా అనిపించింది.

కింద సత్యవేదం గారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, చర్చికి బయలుదేరబోతూ, వాన వస్తుందేమోనని బాల్కనీలోంచి ఆకాశం వైపు చూస్తున్నారట. వచ్చింది.

పైకి వచ్చారు. జుట్టులోంచి సర్ఫు నురగ కారుతోంది.

"కోపంగా అడగట్లేదండీ. ఇది ఏ కసరత్తో తెలుసుకుందామని వచ్చాను."

"మడవ తీశానండీ." చేలో నీరు వదలడానికి గట్టుకు గండి కొట్టేటప్పుడు అనే మాట, నోటికి అదే వచ్చింది.

ఆయన చొక్కా అంచు పిండుకున్నారు.

"మాది గణపవరం పక్కనండీ. మా నాన్నగారూ ఇంతే. పెళ్ళికి వెళ్ళినా సరే, గట్టు తెగి కనిపిస్తే చెప్పులు విప్పేసి దిగిపోయేవారు. మీ పొలం ఎటండీ?"

"గుండుగొలను దిగువనండీ."

"ఊడ్పులయ్యాయా?"

"అయ్యాయండీ" అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నాగదుర్గ బయటికొచ్చి, నా వైపు చూడకుండా, "చొక్కా ఇటివ్వండి మాస్టారూ, ఆరబెట్టి ఇస్త్రీ చేసిస్తాను" అంది.

మీతో అబద్ధమెందుకు? ఊడ్పులు లేవు, నాట్లు వేయడానికి చేనే లేదు. తాతాజీ అన్నయ్యగారు మా చేనుకు తూర్పున ఒక చేపల చెరువు తవ్వించాడు. తర్వాత పడమట ఒకటి. తర్వాత కాలువ వైపున ఒకటి. మూడువైపులనుంచీ ఊట దిగి నా వరి నిలువునా కుళ్ళింది. మరుసటేడూ కుళ్ళింది. వెళ్ళి అడిగాను.

"అన్నయ్యగారూ, మీ చెరువుల నీరు నా చేలోకి ఊరుతోందండీ."

"నీళ్ళకు నేను చెప్పగలనా తమ్ముడూ? నా మాట విని అది నాకిచ్చెయ్. ఏలూరులో ఫ్లాటు కొనుక్కుని హాయిగా కూర్చో. నీకూ ఒంటికష్టం తప్పుతుంది."

మాట మీద నిలబడే మనిషి. నాకు ఒంటికష్టం నిజంగానే తప్పించాడు. అది తప్పింది కాబట్టే, ఇప్పుడు ఒళ్ళు కష్టపెట్టుకోమని డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. తాతాజీ అన్నయ్యగారు రోజూ పొద్దున్నే వీడియో తీసే గట్టు ఎక్కడ వంకర తిరుగుతుందో, ఎక్కడ జారుతుందో ఆయనకన్నా నాకే బాగా తెలుసు.

మూడు నెలల గడువు అయిపోయింది. రక్తం తీశారు. కాగితం చూసి డాక్టరుగారు పెదవి విరిచారు.

"రోజూ నడుస్తున్నారా?"

"నడుస్తున్నారండీ, పొద్దునా సాయంత్రమూ" అని నాగదుర్గే నా బదులు చెప్పింది. "గీత దాటకుండా నడుస్తారండీ."

ఆ గీతేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఇన్సులిన్ రాయడం మొదలుపెట్టారు. సూది ఎలా పట్టుకోవాలో నర్సమ్మ చూపిస్తుందన్నారు. రాస్తూ రాస్తూ తలెత్తారు.

"మీ పాత రిపోర్టుల్లో షుగరు ఛాయలే లేవండీ. అప్పట్లో ఏదో మంచి ఎక్సర్‌సైజు చేసేవారన్నమాట. ఎంత చేసేవారేమిటి?"

"ఎకరం డెబ్బై రెండు సెంట్లండీ" అన్నాను.