పొగ రాని జనరేటరు

ఆ ఉదయం మునీఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి దాటి, ఎదురువైపు జనరేటరు కరెంటు ధర ఎంతో కనుక్కుని రావాలి, అంతే.

సైదా పట్నంలో సర్కారు కరెంటు చుట్టంలా ఎప్పుడో వచ్చి పోతుంది కనుక ఇళ్లన్నీ బతికేది వీధి జనరేటర్ల మీదే. మునీఫ్ ఉండే వైపు జనరేటరు అబూ నసీఫ్‌ది. చిన్నప్పుడు అతను మునీఫ్ దగ్గరే లెక్కలు చదివి, రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు అతను చెప్పిన లెక్కకే మాస్టారు నెలనెలా తలూపుతున్నాడు. ఎదురువైపు జనరేటరు తౌఫీక్‌ది. అక్కడ ధర దాదాపు సగమనీ, పైగా చప్పుడు లేదు, పొగ లేదనీ, ఆ వైపు కాపురముండే మరదలు హియామ్ వచ్చినప్పుడల్లా ఊదరగొడుతుంది.

అది విని మునీఫ్ భార్య నజ్లాకు కడుపు మండేది. ఆమె కిబ్బె ఉండలు చేసి అమ్ముతుంది. ఫ్రీజరు నిండా రేపటి పెళ్లివారి సరుకే. మాంసానికీ, గోధుమరవ్వకూ పోగా మిగిలిందంతా కరెంటు మింగేస్తోంది. ఇంకొక్కసారి ధర పెరిగితే ఫ్రీజరు అమ్మేస్తానంది. ఆ మాటకు మునీఫ్ ప్రాణం ఉసూరుమంది.

"ధర అడుగు, అంతే. మారతామని మాత్రం అనకు," అంటూ ఆమె వేయించిన కిబ్బె పళ్లెం అతని చేతిలో పెట్టింది. ఒకరి గడపకు వట్టి చేతులతో ఎలా వెళతాడు?

ఆ పళ్లెమే కొంప ముంచింది. ఆ వీధిలో జనరేటరువాడి దగ్గరికి పళ్లెం పట్టుకెళ్లేది కొత్తగా వైరు లాగించుకునేవాళ్లే. మంగలి చూశాడు. మంగలి చూస్తే వీధంతా చూసినట్టే. లెక్కల మాస్టారే మారుతున్నాడంటే లెక్క కుదిరే ఉంటుందనుకుని, మునీఫ్ తౌఫీక్ దగ్గర కాఫీ తాగేలోగా ఇరుగుపొరుగు బాల్కనీల నుంచి వైర్లు వీధి మీదుగా విసిరేశారు. తౌఫీక్ ముఖం పాలిపోయింది. కొత్తవాళ్లకు ఇవ్వలేనని బతిమాలుకున్నాడు. బెట్టు చేస్తున్నాడనుకుని జనం మరిన్ని పళ్లేలు తెచ్చారు.

అబూ నసీఫ్ రానే వచ్చాడు.

"ఏం మాస్టారూ, నేనేం తక్కువ చేశాను? నన్ను కాదని వీడి దగ్గరికా?"

ధర అడగడానికే వచ్చానన్నాడు మునీఫ్. కానీ పళ్లెం ఖాళీగా ఉంది, తౌఫీక్ మూతికి కిబ్బె అంటుకుని ఉంది. అబూ నసీఫ్ తన షెడ్డులోకి వెళ్లి పెద్ద మీట కిందికి లాగేశాడు.

మునీఫ్ ప్రాణమంతా ఫ్రీజరు మీదకు పోయింది. అంతలో తౌఫీక్ వైపు మంగలి చేతిలో మిషను ఒకాయన నడినెత్తిన ఆగిపోయింది. హియామ్ బాల్కనీలోంచి తొంగి చూసింది.

"బావా, మీవైపు కరెంటు తీస్తే మా ఫ్యాను ఎందుకు ఆగింది?"

మునీఫ్ వెళ్లి తౌఫీక్ షెడ్డు తలుపు తీశాడు. లోపల జనరేటరు ఉంది. దాని మీద ఓ పిల్లి పిల్లల్ని పెట్టింది.

అది పాడై రెండేళ్లయిందట. అప్పటినుంచీ తౌఫీక్ తన బావ అబూ నసీఫ్ దగ్గరే చవగ్గా కరెంటు కొని, ఆ వైపు అమ్ముకుంటున్నాడు.

"పెళ్లాం తమ్ముడు మాస్టారూ," అన్నాడు అబూ నసీఫ్, కోపమంతా దిగిపోయి. "ఇవ్వనంటే నాకు ఇంట్లో రొట్టె పుట్టదు."

బావ బతుకు బావమరిది కోరతాడంటారు. ఇక్కడ బావమరిది బతుకు సగం వీధి కోరుతోంది, ఎక్కువ ధర కట్టి, తనకు తెలియకుండానే.

జనాన్ని తోసుకుంటూ నజ్లా వచ్చింది. చేతిలో మెత్తబడుతున్న కిబ్బె ట్రే.

"నీ ఇంట్లో రొట్టె కోసం నా ఫ్రీజరు ఎందుకు కరగాలయ్యా? ముందు ఆ మీట ఎత్తు. ధర సంగతి తర్వాత తేలుద్దాం. ఒకటే కరెంటు, ఒకటే ధర."

వీధిలో సగం ఆమె వెనకే నిలబడింది. అబూ నసీఫ్ మీట ఎత్తాడు. సాయంత్రానికి ఈ వైపు ధర కొంత దిగింది, ఆ వైపు ధర కొంత ఎక్కింది, రెండూ నడిమధ్య కలిశాయి. నజ్లా గుర్రుమంటున్న ఫ్రీజరు తలుపుకు నుదురానించి కాసేపు అలాగే నిలబడింది. మునీఫ్ కళ్లు చెమర్చాయి.

ధర పెరిగిన కోపంతో హియామ్ ఆ రోజు నుంచి బావతో మాట్లాడటం మానేసింది. మునీఫ్ దాన్ని కూడా ఆదా కిందే జమకట్టుకున్నాడు.