అరువు తెచ్చుకున్న దగ్గు

సొంతంగా పాట కట్టడమంత తెలివితక్కువ పని లోకంలో మరొకటి లేదు! ఎవరో కట్టి, పాడి, పేరు తెచ్చుకున్న పాట వడ్డించి సిద్ధంగా ఉండగా, మనం మళ్లీ పొయ్యి రాజెయ్యడం దేనికి? ఎరువు సొమ్ము బరువు చేటు అన్నవాళ్లు పాటల సంగతి ఎరగరు.

ఈ జ్ఞానం నాకు మా అబ్బాయి రాక్ బ్యాండు వల్ల కలిగింది. తమకు సంగీతప్పిచ్చి పట్టించిన మహానుభావుల పాటలన్నీ తిరిగి పాడి ఆల్బమ్ చేస్తున్నారు. వీటిని కవర్ పాటలంటారట. స్టూడియో మా ఇల్లే. నా పరుపు గోడకు నిలబడింది. నా దుప్పట్లు కిటికీలకు వేలాడుతున్నాయి. మనిషి నిద్రకంటే గోడ నిద్ర ముఖ్యం కదా! గుర్రుమంటోందని ఫ్రిజ్ ఆపేశారు. పాలు విరిగాయి. పాలు విరిగితేనేం, పాట విరగలేదు.

వాళ్ల గురుభక్తి చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఒక పాటలో అసలు గాయకుడు మధ్యలో దగ్గాడు. పాపం, ఆయనకు ఆ రోజు జలుబు. మావాడికి జలుబు లేదు. అయినా ఆ దగ్గు కోసం పొద్దుటినుంచి సాధన చేశాడు. 'ఉరుము' అని పిలిచే డ్రమ్ముల కుర్రాడు కళ్లు మూసుకుని విని, "ఇది మామూలు దగ్గురా. ఆయనది గుండెల్లోంచి వచ్చింది" అన్నాడు. వీడు మళ్లీ దగ్గాడు. పక్కింటావిడ దగ్గుమందు సీసా పట్టుకొచ్చింది. సొంత పాటకు ఎవరైనా ఇంత సేవ చేస్తారా?

ఇంతటి తపస్సుకు భంగం కలిగించిన పాపిష్ఠిదాన్ని నేనే. వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తూ పాడాను. మావారు దర్జీ. మిషను తొక్కుతూ, ఆ తొక్కుడుకు సరిపోయేలా ఆయన కట్టుకున్న పాట అది. ఆయనతోపాటే పోవలసింది, నా నోట్లో ఉండిపోయింది. దుప్పట్లన్నీ దాటుకుని వెళ్లి మైకులో పడింది.

రికార్డింగు మనిషి దాన్ని తిరిగి వినిపించాడు. ఉరుము కిందికి చూశాడు.

"ఒరేయ్, నీ కాలు మీ అమ్మ పాటకి ఆడుతోందిరా."

మావాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఊరుకోరా. అమ్మా, ఒక్క గంట నోరు మూసుకుని ఉండలేవా? దగ్గు ఎంత బాగా వచ్చిందో, అంతా పాడైంది."

"అది మీ నాన్న పాటరా."

"తెలుసమ్మా. దాన్ని ఎవరు విన్నారు?"

రికార్డింగు మనిషి నావైపు తిరిగి, "ఉంచమంటారా పిన్నిగారూ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మావాడే "తుడిచెయ్యండి" అన్నాడు. తుడిచేశారు.

నాకేం కోపం లేదు. వాడన్నది న్యాయమే. ఎక్కడా రికార్డు కాని పాట పాటెలా అవుతుంది? అందుకే పాఠకులారా, మీ ఎరుకలో బ్యాండులుంటే నా దగ్గరికి పంపండి. ఉచితంగా నేర్పుతాను. దూరదేశం వాళ్లయితే మరీ మంచిది, మావాడికి దూరపు కొండలే నునుపు! వాళ్లు పాడి పేరు తెచ్చుకుంటే, ఏదో ఒకనాడు వీడు వింటాడు. విని, నా పరుపు మళ్లీ గోడకు నిలబెట్టి, భక్తిగా నేర్చుకుంటాడు.

ఒక్క మనవి. మావారు పళ్లమధ్య దారం కరిచిపట్టుకుని పాడేవారు. రెండో చరణంలో మాటలు కాస్త నలిగి వస్తాయి. సరిదిద్దకండి. వాడు అదీ సాధన చెయ్యాలి.