ఆలిండియా పదకొండో ర్యాంకు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మాక్ టెస్ట్ మొదలుపెట్టాలి, పదకొండింటికి ముగించాలి, ఆ తర్వాత దుప్పటి ముసుగెట్టుకుని పడుకోవాలి. ఫణీంద్ర వేసుకున్న పథకం ఇంతే. మూడేళ్ళలో మూడుసార్లు ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసి, మూడుసార్లూ ఏ కాలేజీ పిలవని పర్సెంటైల్ తెచ్చుకున్నవాడికి అంతకంటే పెద్ద పథకాలు వేసే ఓపిక ఉండదు.

అతను ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. వారానికి ఆరు రోజులు యంత్రం పక్కన నిలబడి, ఏడో రోజు ఇంట్లో కూడా ఆ హోరు చెవుల్లో మోస్తూ ఉండేవాడు. ఇరవై ఏడేళ్ళకే ఇలా ఉంటే యాభై ఏడుకి ఎలా ఉంటానో అన్న ఆలోచన అతనికి రోజూ స్నానం చేసేటప్పుడు వచ్చేది. ఈ నాలుగోసారికి ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. అందులో పాఠాలు చెప్పే మాస్టార్లందరూ ఒకే రకంగా నవ్వుతుండేవారు. ఆ నవ్వులు చూస్తే అతనికి దిగులు ఇంకాస్త పెరిగేది.

బయట నాలుగు రోజులుగా ఒకటే వాన. ట్రాఫిక్ కాలనీలో వాళ్ళుండే రైల్వే క్వార్టర్ గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి. ఆ క్వార్టర్ తల్లి సత్యవాణి పేరు మీద వచ్చింది. ఫణీంద్రకు ఏడేళ్ళప్పుడు రైల్వేలో పనిచేసే తండ్రి పోతే, ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఆమె గూడ్స్ ఆఫీసులో గుమాస్తా.

"అమ్మా, రెండు గంటలు నన్ను పిలవకు. టీ కూడా వొద్దు," అని చెప్పి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

మూడు ప్రశ్నలు చేశాడో లేదో ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ మేనేజరు సిరిల్.

"కన్వేయర్ బెల్టు ఆగిపోనాది. ఆపరేటర్ కూడా రాలేదు. పదినిమిషాల్లో నువ్వు ఇక్కడుండాల."

"సార్, నాకీ రోజు టెస్టు..."

"కన్వేయరుకి కూడా ఇదే టెస్టు. వచ్చీ."

ఫణీంద్ర ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు వదిలేసి, రెయిన్‌కోటు తగిలించుకుని స్కూటర్ తీశాడు. తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ల్యాప్‌టాప్ మూసి ఉంది. సత్యవాణి బెండకాయలు తరుగుతోంది.

"పరీక్ష ఏటయిందమ్మా?"

"టైమైపోనాదని వచ్చినాది రా. మూసీసినాను," అంది ఆమె తలెత్తకుండా.

కొడుకు ముఖం చూడలేక అలా ఉందనుకున్నాడు ఫణీంద్ర. అతనికీ తన ముఖం ఎవరికీ చూపించాలని లేదు. స్నానం కూడా చేయకుండా పడుకున్నాడు.

మంగళవారం టీ విరామంలో ఒక ఫోన్ వచ్చింది. "నమస్తే ఫణీంద్రగారూ, నా పేరు ఏంజలిన్. మీ కోర్సు నుంచి మాట్లాడుతున్నాను. కంగ్రాచ్యులేషన్స్! ఆదివారం మాక్‌లో మీకు ఆలిండియా పదకొండో ర్యాంకు."

"నాకా?"

"నలభై వేల మందిలో, సార్."

"నేను మూడు ప్రశ్నలే చేసినాను మేడమ్."

ఏంజలిన్ పకపకా నవ్వింది. పై ర్యాంకులు వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక హాస్యం ఆడతారని ఆమెకు అనుభవం. "మీ సింప్లిసిటీ నాకు చాలా నచ్చింది సార్. సాయంత్రం చిన్న ఇంటర్వ్యూ తీసుకుంటాను," అని పెట్టేసింది.

ఫణీంద్ర షెడ్డు వెనక వాననీళ్ళు కారుతున్న రేకు కింద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. చివరికి అతనికి ఒక సమాధానం తట్టింది. పరీక్షలో తప్పు జవాబుకి మార్కులు తీసేస్తారు. పేపరు మరీ కష్టంగా వచ్చి ఉంటుంది. నలభై వేల మందీ తెలిసీ తెలియక నొక్కేసి సున్నా కిందికి మునిగిపోయి ఉంటారు. మూడు చేసి తక్కినవి ముట్టని తాను మాత్రం పైకి తేలి ఉంటాడు. ఎంత ఆలోచిస్తే అంత సబబుగా కనిపించింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ మధ్యాహ్నం అతను క్యాంటీన్‌లో రెండో సమోసా తిన్నాడు.

సాయంత్రం అతను ఇంటికి వచ్చాక, ఫోన్ ఇంటర్వ్యూలో ఏంజలిన్ అడిగింది. "మీ విజయ రహస్యం ఒక్క మాటలో చెప్పండి సార్."

"వదిలెయ్యడం," అన్నాడు ఫణీంద్ర. అంతకంటే నిజాయితీగా చెప్పగలిగిందేమీ లేదు.

పక్క గదిలోంచి సత్యవాణి తొంగి చూసింది. కొడుకు నవ్వుతున్నాడు. ఏదో చెప్పబోయినట్టు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దుటికి ఖరగ్‌పూర్‌లో ఉన్న ప్రతి తెలుగువాడి ఫోన్‌లోకీ ఒక పోస్టరు వచ్చింది. ఫణీంద్ర ఫోటో, దాని కింద 'వదిలెయ్యడమే నా రహస్యం' అన్న మాట, ఆ కింద ర్యాంకు. ఆ ఫోటో సిరిల్ కూడా చూశాడు. ఫణీంద్రను కేబిన్‌లోకి పిలిచాడు.

"ఉద్యోగం ఒదిలెస్తున్నావని పోస్టరులో సూసి తెలుసుకోవాలేటి నేను? ఒక ముక్క ముందు సెప్పలేవా?"

"సార్, అది ఉద్యోగం గురించి కాదు. ప్రశ్నల గురించి."

"ప్రశ్నలేటి? నేనింకా ఏటీ అడగలేదు కదా!"

ఫణీంద్ర ఎంత చెప్పినా సిరిల్ వినలేదు. పీక్ సీజన్‌లో ఇన్‌చార్జి లేకపోతే తన మెడ మీదికి వస్తుందని, ఆ షిఫ్టు అప్పటికప్పుడు భరద్వాజ్ అనే కుర్రాడికి అప్పగించేశాడు. ఆ భరద్వాజ్‌కి పని నేర్పినవాడు ఫణీంద్రే. 'వెళ్ళేదాకా నువ్వు ప్యాకింగులో ఉండు' అన్నాడు సిరిల్. ఆ రోజు నుంచి ఫణీంద్ర అట్టపెట్టెలకు టేపు వేస్తూ, సంతకాల కోసం భరద్వాజ్ దగ్గరికి వెళ్ళి నిలబడవలసి వచ్చింది.

ఆ సాయంత్రమే నూకయ్యగారు వచ్చారు. రైల్వే గార్డుగా రిటైరై, ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో తెలుగు సంఘానికి కార్యదర్శిగా ఉన్న మనిషి. ఎవరికైనా దండ వెయ్యాలనిపిస్తే ఆగలేరు.

"శనివారం పన్నెండింటికి సంఘం హాల్లో నీకు సన్మానం రా బాబూ. ఆ ఏంజలిన్ మేడమ్ తోటి కూడా మాటాడీసినాను. పెద్ద తెర మీద వీడియోలో వస్తాదంట."

"ఇప్పుడు వొద్దు బాబాయ్. అసలు పరీక్ష కాలేదు కదా."

"అసలు పరీక్షలో ఏటవుతాదో ఎవడికి తెలుసు? అందుకే ముందే సేసీస్తున్నాం," అన్నారు నూకయ్యగారు.

వాకిట్లోంచి ఆయన వెళ్ళిపోయాక సత్యవాణి "ఒరే ఫణీ, నీతోటొక మాట..." అంది. అప్పటికే అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. "రేపు సెప్పమ్మా," అన్నాడు. ఆ రేపు ఆమె ఆఫీసుకు, అతను అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళిపోయారు. ఈ హడావిడిలో అసలు పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గడువు ఆ శనివారం సాయంత్రం ఐదింటికే.

శనివారం మధ్యాహ్నానికి సంఘం హాలు నిండిపోయింది. తడిసిన గొడుగుల వాసన, బంతిపూల వాసన కలిసిపోయి ఉన్నాయి. ముందు వరసల్లో బడిపిల్లలు నోటు పుస్తకాలతో కూర్చున్నారు. రెండో వరస చివర సత్యవాణి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చిన మనిషిలా కూర్చుంది. నూకయ్యగారు దండ వేశారు. అది బాగా బరువుగా ఉంది. తెర మీద ఏంజలిన్ ప్రత్యక్షమైంది.

"ఫణీంద్రగారూ, ఆ మాక్‌లో ఇరవై మూడో ప్రశ్నను దాదాపు అందరూ తప్పు చేశారు. మీరు సరిగ్గా చేశారు. ఎలా చేశారో పిల్లలకు చెప్పండి. ఒక గూడ్సు బండి సరుకును మొదటి కూలీల గ్యాంగ్ ఒక్కటే పన్నెండు గంటల్లో దించుతుంది. రెండో గ్యాంగ్ ఒక్కటే పద్దెనిమిది గంటల్లో దించుతుంది. రెండు గ్యాంగులూ కలిసి మొదలుపెట్టాయి. కొన్ని గంటలయ్యాక మొదటి గ్యాంగ్ వెళ్ళిపోయింది. మిగిలింది రెండో గ్యాంగ్ మూడు గంటల్లో దించేసింది. మొదటి గ్యాంగ్ ఎన్ని గంటలు పనిచేసింది?"

ఫణీంద్ర బోర్డు మీద 'ఎక్స్' అని రాశాడు. దాని పక్కన సమానం గుర్తు పెట్టాడు. ఆ తర్వాత ఏమి రాయాలో తెలియలేదు. తాను ఆ ప్రశ్నను చూడనే లేదు. తేలడం, మునగడం అన్న తన లెక్క అక్కడితో కుప్పకూలింది. ఎవరో జవాబు పెట్టారు. పెట్టింది తాను కాదు. మెడలో దండ గుచ్చుకుంటోంది. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురు చూస్తున్నారు.

"వదిలెయ్యమంటారా సార్?" అన్నాడు వెనక నుంచి ఒక పిల్లవాడు, పోస్టరు బాగా చదువుకున్నట్టుంది. హాలంతా నవ్వింది. ఫణీంద్ర మార్కరుకు మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

సత్యవాణి ఇక ఓర్చుకోలేకపోయింది.

"ముప్పై ఆరు వ్యాగన్లనుకోరా," అంది కూర్చున్నచోటు నుంచే. "మొదటోళ్ళు గంటకి మూడు దించుతారు. రెండోవాళ్ళు రెండు. ఆఖరి మూడు గంటల్లో రెండోవాళ్ళు ఆరు దించినారు. మిగిలినవి ముప్పై. ఇద్దరూ కలిస్తే గంటకి ఐదు. ఆరు గంటలు." తెర వైపు చూసి, "తిండికి గంట ఇయ్యలేదు వాళ్ళకి. అది మాత్రం తప్పు," అని కూడా అంది.

హాలంతా ఆమె వైపు తిరిగింది. "ఎవరండీ ఆ మాట్లాడింది?" అంది ఏంజలిన్ తెర మీద నుంచి.

సత్యవాణి లేచి నిలబడింది. పైఅధికారి ముందు నిలబడినప్పటిలా కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "నేనేనమ్మా. ఆ దినం మా వోడు ఫ్యాక్టరీకి ఎలిపోనాడు. తెర మీద ఎర్రగా టైము తరిగిపోతా ఉంది. ఏ గడీ నింపనేదు. ఆఫీసులో ఏ కాగితమూ అలాగ పంపం కదా. అందుకని నేనే కూకుని నింపీసినాను. తప్పయితే మా వోడి పేరు కొట్టీయకండి."

"ఇంగ్లీషు పాసేజీలు కూడానా అమ్మా?"

"ఇరవై ఏళ్ళు రైల్వే సర్క్యులర్లు సదివినానమ్మా. దానికంటే ఇవి నయమే. ఏటి సెప్తున్నాడో తెలస్తాది."

ఎవరో చప్పట్లు కొట్టారు. తరువాత అందరూ కొట్టారు. నూకయ్యగారు ఒక్క క్షణం తటపటాయించి, ఫణీంద్ర మెడలోంచి దండ తీసి సత్యవాణి మెడలో వేశారు. ఫణీంద్ర వెనక తలుపు గుండా వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

సత్యవాణి ఇంటికి వచ్చేసరికి అతను తడి బట్టలతోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు సెప్పలేదమ్మా?"

"సెప్దామనే ఉన్నాను. ఆ మంగళారం ఫోన్లో నువ్వు నవ్వినావు రా. ఎన్ని నెలలైపోనాదో నువ్వు నవ్వి." ఆమె దండ తీసి బల్ల మీద పెట్టింది. "నీ బతుకు పాడు సేసినాను కదా."

ఆమె కొడుకు తల తువ్వాలుతో తుడవబోయింది, అతను తలొంచాడు.

"నీకు బాగుందా, ఆ పరీక్ష?" అని అడిగాడు.

సత్యవాణి కిటికీ వైపు చూసింది. "ఎందుకు సెప్పాల గానీ... బాగుంది రా. ఆఫీసులో ప్రమోషన్ పరీక్ష పెట్టినప్పుడల్లా నీకు జొరమో, నీ ఇస్కూలు పరీక్షో ఉండీది. ఒక్కటీ రాయలేదు. దూరవిద్యలో డిగ్రీ కట్టి పాసైనాను, అంతే. ఆ ఆదివారం రెండు గంటలూ నన్నెవులూ పిలవలేదు."

ఫణీంద్ర గోడ గడియారం చూశాడు. నాలుగుంపావు. గబుక్కున లేచి ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఐదింటికి గడువు. దరఖాస్తు పెడదాం. ముందు నీది."

"నాదేటి! నీది పెట్టు ముందు."

"నీదే ముందు."

ఈ వాదనకే పదకొండు నిమిషాలు పోయాయి. చివరికి కొడుకే గెలిచాడు. సత్యవాణి డిగ్రీ కాగితం మీద పుట్టింటి పేరు ఉంది, ఆఫీసు కార్డు మీద అత్తింటి పేరు ఉంది. రెండింటికీ పొంతన కుదిర్చే కాగితం ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఫోటో వెనక గోడ మీద చెమ్మ మరకలు ఉన్నాయని వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారి దుప్పటి వెనక కట్టి తీశారు. ఆమె దరఖాస్తు వెళ్ళిందని సందేశం వచ్చేసరికి నాలుగు యాభై నాలుగు. ఫణీంద్ర తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కొట్టాడు. సంతకం ఎక్కిస్తుండగా తెర ఒక్కసారి తెల్లబడి, గడువు ముగిసిందని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది.

తల్లీకొడుకులు ఆ తెర వైపు చూస్తూ కూర్చుండిపోయారు. సత్యవాణి ఏడవడం మొదలుపెట్టింది. ఫణీంద్రకు ఏడుపు రాలేదు. వింతగా, ఎన్నో రోజుల తర్వాత ఆకలి వేసింది.

నవంబరు చివరి ఆదివారం కోల్‌కతాలో పరీక్ష. ఆ రెండు నెలలూ ఫణీంద్ర ప్యాకింగులోనే ఉన్నాడు. ఇంటికి వచ్చాక అన్నం వండాడు. బీజగణితంలో తల్లికి తెలియని చోట చెప్పాడు. చాలాచోట్ల ఆమే అతనికి చెప్పింది. ఆ ఉదయం మొదటి లోకల్ రైల్లో బయలుదేరి పరీక్షా కేంద్రానికి చేరారు. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన సత్యవాణిని చెయ్యి అడ్డంపెట్టి ఆపేశాడు. ఫణీంద్రను లోపలికి రమ్మని సైగ చేశాడు.

"గార్డియన్ ఓదికే!" అన్నాడు, వెంట వచ్చిన పెద్దవాళ్ళు అటువైపు ఉండాలన్నట్టు రోడ్డవతల వేసిన షామియానా చూపిస్తూ.

"దాదా, పరీక్ష ఆమెది," అన్నాడు ఫణీంద్ర బెంగాలీలో. "గార్డియన్ని నేను."

పెద్దాయన హాల్ టికెట్‌ను, అందులోని ఫోటోను, ఫోటోలో వెనక వేలాడుతున్న పువ్వుల దుప్పటినీ చాలాసేపు పరిశీలించి దారి ఇచ్చాడు. సత్యవాణి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "టిఫిన్ డబ్బా నీ కాడే ఉంది, తినీ. సల్లారిపోతాది," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఫణీంద్ర షామియానా కిందికి వెళ్ళాడు. అక్కడ కూర్చున్న తండ్రుల్లో ఒకాయన జరిగి చోటిచ్చి, "ఇది ఎన్నోసారి?" అని అడిగాడు.

"మా ఇంట్లో నాలుగోసారి," అన్నాడు ఫణీంద్ర.

ఆయన జాలిగా నిట్టూర్చి, ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదని ఓదార్చాడు.