ఒంటి తుమ్ము

అరవైతొమ్మిది నాటి తెలంగాణ గొడవలు సద్దుమణిగిన రోజులు. నర్సింహులపేటలో వెంకట్రాం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పురావస్తు శాఖ అధికారి సుదర్శన్ వస్తాడు, నశ్యం డబ్బీ చూస్తాడు, ఔరా అంటాడు, సర్వపిండి తిని పోతాడు. వేటకొచ్చిన నవాబుగారు వెంకట్రాం తాతకు స్వయంగా ఇచ్చిన కెంపుల బంగారు డబ్బీ అది. దాన్ని దాచిన పెట్టె తాళంచెవి, పెళ్లయిన నాటి నుంచీ అతని భార్య సుగుణ నడుముకే ఉంది.

సుదర్శన్ డబ్బీని గీటురాయి మీద గీసి చూశాడు. "ఇది ఇత్తడండీ. రాళ్లు గాజువి."

వెంకట్రాం మొహం మాడిపోయింది. తమాషా చూడవచ్చిన చిన్నాయన కొడుకు కరుణాకర్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"తాళంచెవి వదినె కాడనే ఉండె గదనే అన్నా! అసలుది పాలకుర్తిల, ఆమె తల్లిగారింట్ల ఉన్నదేమో, జర అడుగు."

అనుమానం పెనుభూతం కదా! వెంకట్రాం భార్య వైపు తిరిగాడు. "నిజం చెప్పు సుగుణా, నువ్వేమన్న మార్చినవా?"

సుగుణ తాళంచెవి లాగి అతని ముందు విసిరికొట్టింది. "నన్ను దొంగను చేస్తివి గదా! ఇంక గీ ఇంట్ల ఉంటే ఒట్టు. మా బాపు తానికి పోత."

ఆమె గడప దాటబోతుండగా మూలన కూర్చున్న అత్తగారు ముత్తవ్వ "హాచ్చి!" అని ఒక్కటే తుమ్మింది.

"ఒంటి తుమ్ము! కూసో బిడ్డా," అంది ముత్తవ్వ. కోపం కోపమే, శకునం శకునమే. సుగుణ కూర్చుంది. తొర్రూరు బస్సుకు టైమైందని సుదర్శన్ లేచాడు. హాచ్చి! సర్కారు ఉద్యోగి కూడా కూర్చున్నాడు. ఊరంతా చాటింపు వేద్దామని ఉబలాటపడుతూ కరుణాకర్ లేచాడు. హాచ్చి! అతనూ కూలబడ్డాడు.

"అత్తమ్మా, ఇంకోటి తుమ్మరాదు! జంట తుమ్ములైతే ఎవల తొవ్వన వాళ్లు పోతం," అంది సుగుణ విసుగ్గా.

"నేను పిలిస్తె వస్తదా తుమ్ము? ఇగో, మీరే తుమ్ముకోండ్రి." ముత్తవ్వ తన నల్లటి నశ్యం డబ్బీ తీసి సుదర్శన్ చేతిలో పెట్టింది.

బస్సు బెంగతో ఆయన పెద్ద చిటికెడే పీల్చాడు. ఆ తుమ్ముకు డబ్బీ చేయి జారి బండ మీద పడింది. పైనున్న నల్లటి లక్క పెచ్చులుగా ఊడిపోయింది. లోపల పసుపు మెరిసింది, ఎరుపు మెరిసింది. సుదర్శన్ గబగబా గీటు పెట్టాడు.

"మేలిమి బంగారం! కెంపులూ అసలువే! ఇదిగో, నవాబుగారి ముద్ర!"

"అయ్యో, లక్క పలిగెనా?" అంది ముత్తవ్వ. "రజాకార్ల భయానికి మీ బాపే పూసిండు కొడుకా. దొంగలకు సూపెట్టనీకె గా ఇత్తడిది చేపిచ్చి పెట్టెల పెట్టిండు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందే అవ్వా!" అని నెత్తి కొట్టుకున్నాడు వెంకట్రాం.

"ఎవలడిగిండ్రు? నా నశ్యం డబ్బీ సంగతి నన్నెవలన్న ఎన్నడన్న అడిగిండ్రా?"

వెంకట్రాం కింద పడ్డ తాళంచెవి తీసి రెండు చేతులా భార్యకు అందించాడు. "తప్పైంది సుగుణా."

"గట్టిగ అను. మీ తమ్ముడు గూడ వినాలె."

అన్నాడు. అందరూ విన్నారు. తాళంచెవి తిరిగి నడుముకు దోపుకుంటుంటే సుగుణకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికే కరుణాకర్ పిల్లిలా గడప దగ్గరికి చేరి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. సుగుణ నవాబుగారి డబ్బీలోంచి చిటికెడు నశ్యం తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముక్కుకు పట్టించింది.

సరిగ్గా ఒక్కటే తుమ్మింది.