ఆరంగుళాల ఒడి

పలుకు వెలది తల్లి పాదముల్ గొలిచెద
నొడిని మఱచినట్టి యుర్విజనుల
కథను జెప్పు వేళ కరుణతో నిలుమమ్మ
వినెడివారి కెల్ల వెలుగు నిమ్ము

పిఠాపురం దాటి సముద్రం వైపు నాలుగు క్రోసులు పోతే వచ్చే ఒక చిన్న పట్టణంలో హైమవతి అనే ఇల్లాలు, పుష్యమాసం సగమయ్యే నాటికి, ఎదురు రొమ్ము నుంచి వీపు వరకు ఒకటిన్నర అంగుళం మందానికి వచ్చింది. పొడవు, వెడల్పు యథాతథంగా ఉన్నాయి. ముఖంలో కళ తగ్గలేదు. ఆకలి, నిద్ర సక్రమంగానే ఉన్నాయి. ఇందులో ఎవరికీ విడ్డూరం తోచలేదు. ‘సాక్షాత్కారం’ అనే ప్రత్యక్ష ప్రసార వేదికలో నిత్య ప్రేక్షకులు పదివేలమంది చేరినప్పుడల్లా మనిషికి పావు అంగుళం మందం తగ్గుతుందనీ, వారు తమంతట తాము వెళ్ళిపోతే ఆ పావు అంగుళం తిరిగి వస్తుందనీ ఆ ఊళ్ళో అందరూ ఎరిగినదే. హైమవతికి మూడు లక్షల మంది ఉన్నారు. తొమ్మిది అంగుళాల మనిషిలో ఏడున్నర వారికి చెల్లింది.

ఊళ్ళో ఇటువంటి ప్రసిద్ధులు పదకొండుగురు ఉండేవారు. గంటకు నలభై ఇడ్లీలు తినే బంగార్రాజు రెండంగుళాల మనిషి. ఆ ఇడ్లీలు ఎక్కడికి పోతున్నవో వైద్యులు తేల్చలేదు. నిద్రపోతూ చూపించే ఒక యువతిని, గాలికి ఎగిరిపోకుండా, ఇంటివారు పరుపుకూ మంచానికీ నడుమ దాచేవారు. వైరాగ్యం మీద ప్రవచనాలు చెప్పే పెద్దాయన ఒకరు మూడున్నర లక్షలకు చేరి, భుజాన జందెం నిలవక, జిగురుతో అంటించుకొన్నారు. ఈదురుగాలి వీచే రోజులలో పురపాలక సంఘం వారు బండి మీద మైకు పెట్టి, పలుచని వారు గోడల వెంబడి నడవవలసిందని హెచ్చరించేవారు. బస్సులలో వారికి సీటు ఉండదు. సామాన్ల పక్కన నిలువుగా ఆనిస్తారు. వారు దానిని గౌరవంగానే భావించేవారు.

హైమవతి ప్రసిద్ధి తిట్లతో వచ్చింది. భర్త ఓడల మీద ఉద్యోగం చేస్తూ ఏడాదిలో పది నెలలు నీటి మీదే ఉంటాడు. ఒంటరితనానికి విరుగుడుగా ఆమె ఫోను ఎదుట కూరలు తరుగుతూ, చూసేవారిని పేరుపేరునా మందలించడం మొదలుపెట్టింది.

“ఒరేయ్ నాగభూషణం, ఆ ఫోను అవతల పెట్టి అన్నం తినరా. మీ ఆవిడ కంచం పెట్టి ఎంతసేపయింది? పప్పు మీద మీగడ కట్టేసుంటది.”

నాగభూషణం ఫోను అవతల పెట్టలేదు. తనను తిట్టిన తిట్టును ఇరవై మంది స్నేహితులకు చూపించాడు. వారు కూడా తిట్లు తినడానికి చేరారు. తమ ఇళ్ళలో తమను మందలించే వారు కరువైన లక్షల మంది, అన్నం చల్లారబెట్టుకొని, హైమవతి నోట తమ పేరు వినబడే ఘడియ కోసం కాచుకొని ఉండేవారు.

చిక్కు మాఘ శుద్ధ పంచమి దగ్గరపడడంతో వచ్చింది. హైమవతి కూతురు మృదులకు నాలుగేళ్ళు నిండి అయిదు నడుస్తోంది. ఆ ఇంటి ఆచారం ప్రకారం అక్షరాభ్యాసం తల్లి ఒడిలోనే జరగాలి. తల్లి పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకొని, వేలు పట్టి, పళ్ళెంలోని బియ్యం మీద మొదటి అక్షరాలు దిద్దించాలి. ఒకటిన్నర అంగుళం మందం గల మనిషికి ఒడి ఉండదు. మృదుల అంతకు ముందు మూడుసార్లు తల్లి ఒడి ఎక్కబోయి, మూడుసార్లూ జారి నేల మీద పడి ఏడ్చి, నాలుగోసారి అడగడం మానుకొంది.

“మూడు లచ్చల మంది నెత్తికెక్కారు గానీ, కన్నపిల్ల కూకోడానికి జానెడు చోటు లేకుండా పోయింది,” అంది అత్తగారు మాణిక్యమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

“అదేం మాట అత్తయ్యా. పండగ వేళకి నేను చూసుకుంటాను కదా.”

“ఏం చూస్తావే? నిన్ను పక్కకి తిప్పితే నాకే కనబడవు.”

హైమవతి మరునాడు మందాల కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారిణి ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ఇత్తడి కొలబద్దతో మూడు చోట్ల కొలిచి, సగటు వేసి, పుస్తకంలో రాసుకొంది.

“ఒడి అని రాయాలంటే ఆరంగుళాలుండాలమ్మా. ఐదున్నరకి పిల్ల కూచోగలదు గానీ, దాన్ని ఒడి కింద నేను ఒప్పుకోలేను.”

“ప్రసారం కట్టేస్తే తిరిగొస్తుందా అండీ?”

“కట్టేసిన నాటికి ఎంతుంటే అంతే ఖాయమైపోద్ది. జనం ఉండగా కట్టేస్తే, మీ మందం వాళ్ళ దగ్గరే ఉండిపోద్ది. వాళ్ళంతట వాళ్ళే పోవాలి.”

“పొమ్మంటేనో?”

“కిందటేడు ఒకాయన పొమ్మని తిట్టేడు. రెట్టింపయ్యారు.”

“నా పనే తిట్టడమండీ.”

“అయితే తిట్టడం మానండి,” అని అధికారిణి పుస్తకం మూసింది. పంచమికి ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి. లక్షా ఎనభై వేల మంది వెళ్ళిపోవాలి.

హైమవతి మొదట మౌనం పట్టింది. ఫోను ఎదుట కదలక మెదలక కూర్చొంది. ఆమెకు ఏమైందోనన్న ఆరాటంతో మూడు రోజులలో ఇరవై వేల మంది కొత్తగా వచ్చి, ఒక అరంగుళాన్ని తీసుకొన్నారు. అంగుళం మిగిలిన ఆ సాయంకాలం ఆమెకు తన తాతగారు గుర్తుకు వచ్చారు. ఆయన చిన్నప్పుడు ఆమెను తన తొడ మీద కూర్చోబెట్టుకొని రెండు వందల పద్యాలు వల్లె వేయించారు. అవి ఆమె మెట్టింట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మరునాడు ఆమె కత్తిపీట పక్కన పెట్టి, చేతులు జోడించి, ఒక పద్యం రాగయుక్తంగా చదివింది. ప్రతిపదార్థం చెప్పింది. అన్వయం కుదిర్చింది. మధ్యాహ్నానికి పదిహేను వేల మంది వెళ్ళిపోయారు. రెండవనాడు తాత్పర్యంతో పాటు అలంకారం వివరించగా ముప్పై వేల మంది కదిలారు. గణవిభజన చేసి గురులఘువులు గుర్తించిన నాడు ఒక్క పూటలో అరవై వేల మంది లేచిపోయారు. మంచి కావ్యం మనిషిని నిండు మనిషిని చేస్తుందని తాతగారు అనేవారు. ఆ ఊళ్ళో అది ఇత్తడి కొలబద్దతో రుజువైంది.

“అక్కా, నిన్నెవరన్నా ఏవన్నా అన్నారా? పేరు చెప్పక్కా,” అని కొందరు రాశారు.

“అక్కా, నాలుగు రోజులై అన్నం సయించట్లేదు. ఒక్క తిట్టు తిట్టి నీ పద్యం చదువుకో,” అని నాగభూషణం రాశాడు.

తిట్టడానికి హైమవతికి నోరు దురదపెట్టింది. కాసేపు నోట కొంగు కుక్కుకొని, తీసి, తరువాతి పద్యం ఎత్తుకొంది. నాగభూషణం కూడా వెళ్ళిపోయాడు. మాణిక్యమ్మ మాత్రం చేట పక్కన పెట్టి వచ్చి, గుమ్మంలో కూర్చొని, “ఇందాకటిది ఇంకోపాలి చదవవే, బాగుంది,” అంది. ఆమె నిత్య ప్రేక్షకులలో లెక్కకు రాదు. ఆమెకు ఫోను లేదు.

చవితినాడు అధికారిణి కొలిచి, ఆరంగుళాలకు ఒక నూలుపోగు ఎక్కువగానే ఉన్నదని ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి ఇచ్చింది. హైమవతి ఇంటికి వచ్చి చాప మీద బాసీపట్టు వేసుకొని కూర్చొంది. మృదుల దూరంగా నిలబడి చూసింది. దగ్గరకు వచ్చి వేలితో ఒకసారి పొడిచి చూసింది.

“ఇది ఎవరిదే?”

“నీదే తల్లీ.”

పిల్ల కూర్చొంది. జారలేదు. కొంతసేపటికి వెనక్కు వాలి, తల్లి కడుపుకు వీపు ఆనించి, నోట్లో వేలు పెట్టుకొంది. వంటింట్లో అన్నం మాడుతున్నా హైమవతి లేవలేదు, మాణిక్యమ్మ ఆమెను లేపలేదు.

పంచమినాడు పొద్దున్నే పురోహితులు సోమయాజులుగారు వచ్చారు. గణపతి పూజ, సరస్వతీ పూజ జరిగాయి. పసుపు రాసిన పలక, వెండి పళ్ళెంలో బియ్యం సిద్ధమయ్యాయి. మృదుల పట్టులంగాతో వచ్చి తల్లి ఒడిలో కూర్చొంది. తూర్పు కిటికీలోంచి ఎండ పిల్ల నుదుటి మీద పడింది. హైమవతి ఆ నుదుటిని చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి ఘడియ ఒక్కరూ చూడకుండా గడిచిపోతున్నదే అనిపించింది. ఆమె కుడిచెయ్యి పిల్ల వేలిని వదలి, పక్కనున్న ఫోను అందుకొంది.

“అమ్మాయ్, ఆ చేత్తోనే కదే పిల్ల వేలు పట్టుకోవాలి,” అంది మాణిక్యమ్మ.

“ఒక్క నిమిషం అత్తయ్యా. మా వాళ్ళకి ఓసారి చూపించి కట్టేస్తాను.”

సోమయాజులుగారు ఉత్తరీయం సవరించుకొన్నారు. “కావాలంటే గణపతి పూజ మళ్ళీ చేద్దామమ్మా. ఇందాక వెలుతురు చాలలేదు.”

మొదటి నిమిషంలో పదివేల మంది వచ్చారు. ఒడి, పిల్ల, నుదుటి మీద ఎండ చూసి వారు మరొకరికి చెప్పారు. వెళ్ళిపోయిన వారందరూ వరుసగా తిరిగి వచ్చారు. “అక్కకి ఒడి వచ్చింది” అన్న వార్త పట్టణాలు దాటింది. హైమవతి ముఖం వికసించింది.

“ఒరేయ్ నాగభూషణం, వచ్చావా? వెధవా, పిల్లకి అక్షింతలేసి దీవించరా. చేతులు కడుక్కున్నావా అసలు?”

లక్షన్నర దాటింది. రెండు లక్షలు దాటింది.

“అమ్మా, గుచ్చుకుంటోంది,” అంది మృదుల.

“ఒక్క నిమిషం బంగారం.”

మూడు లక్షల యాభై అయిదు వేల దగ్గర లెక్క నిలిచేసరికి హైమవతి అంగుళంలో ఎనిమిదో వంతు ఉంది. పిల్ల మెల్లగా జారి నేల మీదికి వచ్చింది. ఈసారి ఏడవలేదు. ముహూర్తం ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. సోమయాజులుగారు పుస్తకం తిరగవేసి, కళ్ళజోడు సవరించుకొని, శాస్త్రంలో తల్లి పిల్ల కింద ఉండాలన్నదే ప్రధానమనీ, ఎంత మందాన ఉండాలో ఎక్కడా చెప్పలేదనీ నిర్ణయించారు. ఆయన ఒక అంచు, మాణిక్యమ్మ ఒక అంచు పట్టుకొని హైమవతిని పీట మీద పరిచారు. ముడతలు లేకుండా మాణిక్యమ్మ అరచేత్తో దువ్వింది. మృదులను దాని మీద కూర్చోబెట్టారు. ఫోనును కలశానికి ఆనించి నిలబెట్టారు. మాణిక్యమ్మ వేలు పట్టగా పిల్ల బియ్యంలో ఓంకారం దిద్దింది, తరువాత శివనామం దిద్దింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

“ఇప్పుడు అమ్మకి దణ్ణం పెట్టు తల్లీ,” అన్నారు సోమయాజులుగారు.

మృదుల కింద పీట వైపు చూసింది. ఎదుట ఫోను వైపు చూసింది. తెరలో మందం కనబడదు గనుక అక్కడ ఆమె తల్లి నిండుగా, నవ్వుతూ ఉంది. పిల్ల రెండు చేతులూ జోడించి ఫోనుకు మొక్కింది. ఎవరూ ఆమెను సరిదిద్దలేదు.

“చురుకైన పిల్లండీ,” అన్నారు సోమయాజులుగారు. పీట మీది నుంచి హైమవతి, గొంతు పలుచబడినా స్పష్టంగానే, మళ్ళీ ఒకసారి మొక్కమంది. ఇప్పుడే వచ్చినవారు చూడలేదని చెప్పింది. మృదుల మళ్ళీ మొక్కింది.

ఈ కథను విన్నవారికి, వినిపించినవారికి, సగంలో లేచి వెళ్ళినవారికి కూడా పలుకుల తల్లి కరుణ కలుగుగాక. వారి ఇళ్ళలో అన్నం వేడిగా ఉండగా తినేవారు ఉందురుగాక. వారి దేహాలలో ఒక చిన్నబిడ్డ కూర్చొనేంత చోటు ఎవరూ చూడకుండా మిగిలి ఉండుగాక. స్వస్తి.