మడమలో గుండుసూది

ఆ ఆదివారం ఉదయం విజయేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బోయిగూడలో తాము కిరాయికుంటున్న ఇంటి నమూనాను అట్టతో చేసి, కింద వాటాలో ఉండే ఓనరు జంగయ్యకు కానుకివ్వాలి. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్న ఆ మనిషి మనసు కరగాలి. మూడేళ్లలో ఇది నాలుగో ఇల్లు మరి. మళ్లీ సామాను కట్టమంటే పుట్టింటికి పోతానని భార్య సుకన్య ఒట్టు పెట్టుకుంది.

ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదటి పాఠం నేర్చుకున్నాడు. అసలు ఇంటి అడుగుకు అట్టమీద పావు అంగుళం. ఇల్లెంతదో తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలట! సరే, అంగుళంనర మైనపు జంగయ్య తయారయ్యాడు, బట్టతలతో సహా. గడ్డికి పసుపు కలిపిన రంపపు పొట్టు, మెట్లకు కుంకుమ, కరెంటు తీగలకు సుకన్య దువ్వెనలోని వెంట్రుకలు. అంతా బాగుంది కానీ బొమ్మ నిలబడలేదు. ఎడమ మడమలో గుండుసూది గుచ్చి గేటు దగ్గర నాటాడు.

"అమ్మో, సచ్చిన్రో!" కింద నుంచి జంగయ్య కేక.

గిన్నెలు తోమడానికొచ్చిన లచ్చమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "గిదేంది సారూ?"

"ఓనర్ సార్ లచ్చమ్మా. కాలు కుదురుతలేదు," అన్నాడతను తలెత్తకుండా.

గిన్నెలు గిన్నెల్లాగే ఉన్నాయి, లచ్చమ్మ లేదు. అరగంటలో గల్లీ అంతా బాణామతి, చేతబడి అని గుసగుసలు. ఈలోగా కిటికీ ఎండకు మైనం మెత్తబడి బొమ్మ మెడ పక్కకు వాలింది. విజయేందర్ దాన్ని నిటారుగా తిప్పాడు. కింద ఎవరిదో మెడ పటుక్కుమంది.

"నాకు భయమైతుందండీ," అంది సుకన్య.

కాసేపటికి జంగయ్య గోడ పట్టుకుని కుంటుతూ పైకొచ్చాడు. ఎప్పుడూ "ఏందిర బిడ్డా" అనే నోరు అప్పుడు మెత్తబడింది. "సారూ, తప్పయింది. మీరెన్నేండ్లన్న ఉండున్రి. జెర ఆ సూది తియ్యున్రి."

పనిలో వంక పెడుతున్నాడనుకున్నాడు విజయేందర్. "తీస్తే మీరు పడిపోతరు సార్," అన్నాడు మర్యాదగా.

జంగయ్య నేలమీద కూలబడ్డాడు. సుకన్య ఒక్క అంగలో వచ్చి సూది లాగేసింది. జంగయ్య మెల్లగా లేచి ఎడమ కాలు నేలకేసి రెండుసార్లు తన్ని చూసుకున్నాడు. నొప్పి లేదు.

తన బొమ్మను జంగయ్య జేబులో భద్రంగా దాచుకున్నాడు. గేటు బోసిపోయింది. ఇల్లు దక్కిందన్న సంబరంలో విజయేందర్, పొద్దున మిగిలిన మైనంతో తన పోలికలో చేసిపెట్టుకున్న రెండో బొమ్మను అదే సూదితో అక్కడ నిలబెట్టాడు. "మీకే సార్, గిఫ్ట్!" అని నమూనా మొత్తం చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆఫీసుకు బయలుదేరి మెట్టు దిగగానే ఎడమ మడమ కలుక్కుమంది. చెప్పులో చూస్తే మేకు లేదు, ముల్లు లేదు. గేటు దగ్గర జంగయ్య నమూనాను ఒళ్లో పెట్టుకుని, సూదిని తీరిగ్గా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏందిర బిడ్డా, మడమనా?" అన్నాడు చల్లగా. "నెలాఖరు ముచ్చట యాదున్నదా?"

ఆ సాయంత్రం విజయేందర్ కుంటుకుంటూ అల్వాల్‌లో టులెట్ బోర్డులు చదివాడు. సుకన్య ఒట్టు తీసి గట్టున పెట్టి ఒకే షరతు విధించింది: కొత్త ఓనరుకు మిఠాయి డబ్బా చాలు.