సున్నుండల డబ్బా, వియన్నా ముఠా

"వియన్నాలో నేరాలు చేసి బతికేవాళ్ళంతా ఈ ఆరు రోజులూ సెలవు పెట్టుకోవడం మంచిది. జనార్దనరావు వస్తున్నాడు."

ఈ ప్రకటన వెలువడింది వియన్నాలో కాదు, జనక్‌పురిలో మా బాల్కనీలో, ఎండబోసిన వడియాల పక్కన. విన్నది నేనూ, వడియాల కోసం కాచుకున్న రెండు కాకులూ. కాకులు ఎగిరిపోయాయి. నాకు ఆ అదృష్టం లేదు.

ఆ ప్రకటన చేసిన రావుగారు మా మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆయన కింద నేను అసిస్టెంటుని. పగలు ఫైళ్ళు పోగొడతారు, సాయంత్రం నేరస్తుల్ని వెతుకుతారు. మా బ్లాకులో న్యూస్‌పేపర్లు మాయమవుతున్నాయని ఒకసారి పాలబూత్ భయ్యాని నాలుగు రోజులు నిలదీశారు. ఐదో రోజు వాళ్ళావిడ కమలాకుమారి గారు మొగుణ్ణి కుర్చీలోంచి లేపి దులిపితే నాలుగు పేపర్లూ దిండు కిందే దొరికాయి. "నేరస్తుడు నాకు అతి సమీపంలో ఉన్నాడని మొదటే చెప్పాను," అన్నారాయన ఏమాత్రం తొణక్కుండా.

అది రెండువేల ఆరు, డిసెంబరు. నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే ఆయన మేనల్లుడు కిరణ్‌కుమార్‌ని కంపెనీ ఆరు నెలలకి వియన్నా పంపింది. మామయ్యనీ అత్తయ్యనీ రమ్మన్నాడు. టిక్కెట్లు తీయకముందే కమలాకుమారి గారు తేల్చేశారు.

"ముప్ఫయ్యేళ్ళుగా ఇంట్లో చూస్తూనే ఉన్నాను. అంత దూరం వెళ్ళి మళ్ళీ ఈయన్నే చూడాలా? అన్నయ్యగారూ, మీరు వెళ్ళిరండి. నాకు ఆరు రోజులు సెలవు."

అలా ఆవిడకి సెలవు, నాకు డ్యూటీ పడ్డాయి.

ప్రయాణం ముందురోజు మా ఆవిడ దుర్గాంబ స్టీలు డబ్బా నిండా సున్నుండలు పెట్టింది. అరచేతిలో పట్టేంత డబ్బా. పెళ్ళికి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చింది. పక్కన చుక్కలు చుక్కలుగా 'దుర్గాంబ' అని పేరు కొట్టించి ఉంటుంది.

"ఆ అబ్బాయి అద్దెకుంటున్న ఇంటావిడకి ఇవ్వండి. చేతులూపుకుంటూ వెళ్ళకూడదు. డబ్బా మాత్రం తిరిగి తీసుకురండి. పోయినేడు హరిద్వార్‌లో మా అమ్మ చెంబు గంగలో వదిలేశారు. ఈసారి డబ్బా లేకుండా వస్తే, పైకి రావద్దు, మెట్ల దగ్గరే ఆగిపోండి."

నేను నవ్వలేదు. చెంబు పోయాక దుర్గాంబ నాతో మూడు నెలలు మాట్లాడలేదు. ఈ డబ్బాకి ఎన్ని నెలలో లెక్కకట్టే ధైర్యం లేకపోయింది.

వియన్నాలో ఇంటావిడ పేరు హుబర్. డెబ్భై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ కోటు, ఈక గుచ్చిన టోపీ. ఆవిడకి జర్మన్ తప్ప రాదు, మాకు జర్మన్ తప్ప అన్నీ వచ్చు. డబ్బా నేను ఇస్తానంటే వినకుండా రావుగారే లాక్కుని, మూత తీసి, ఒక సున్నుండని భూతద్దంలోంచి ఆవిడకి చూపించి, "స్వీట్. నో పాయిజన్," అన్నారు. ఆవిడ డబ్బాని రెండు చేతులా అందుకుని గుండెకి హత్తుకుంది.

మా జనక్‌పురిలో డబ్బా ఎదురింటికి వెళ్తే రెండు రోజుల్లో తిరిగొస్తుంది. ఖాళీగా కూడా రాదు. అందులో నాలుగు పళ్ళో, గుప్పెడు పంచదారో ఉంటుంది. ఇక్కడ మూడు రోజులైనా చడీచప్పుడు లేదు. నాకు అన్నం సయించడం మానేసింది. అన్నం అంటే కిరణ్ కుక్కర్లో వండిన గంజి.

"వెళ్ళి అడగరాదా నాయనా," అన్నాను కిరణ్‌తో.

"అంకుల్, ఇక్కడ ఇచ్చింది తిరిగి అడిగితే బాగోదు. ఇంకా మూడు నెలలు నేనిక్కడే ఉండాలి. ఇంటావిడతో పంగా వద్దు, ప్లీజ్."

రావుగారి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. దాని తరవాత ఎవరో ఒకరు తన్నులు తింటారు.

"శంకరం, ఇది డబ్బా విషయం కాదు. అంతర్జాతీయ స్టీలు ముఠా. ఈవిడ ముఠాకి మెదడు. రేపు వెంబడిద్దాం."

మారువేషం ఏమిటంటే కరోల్‌బాగ్‌లో కొన్న ఓవర్‌కోటు, మంకీక్యాపు, నల్లకళ్ళద్దాలు. ఎవరికీ కనబడకూడదని వేసుకున్న ఆ వేషాన్ని ట్రాములో జనమంతా చూశారు. ఒక పిల్ల ఏడ్చింది.

ఆకుపచ్చ కోటు పెద్ద చర్చి దగ్గర దిగింది. మేమూ దిగాము. ఏడెనిమిది వందల ఏళ్ళ కట్టడం. పైకప్పు మీద రంగురంగుల పెంకులు గళ్ళ చీరలా పరిచి ఉన్నాయి. నేను నోరు తెరిచి చూస్తుంటే రావుగారు నేల మీద భూతద్దం పెట్టి, "ఆడమనిషి అడుగు. గోపురం ఎక్కింది," అన్నారు. మూడువందల నలభైమూడు మెట్లు ఎక్కాము. పైన ఊరంతా కనబడింది, ఆవిడ తప్ప. కిందికి చూస్తే ఆకుపచ్చ కోటు హాయిగా కాఫీ హోటల్లోకి వెళుతోంది.

మెట్లు దిగుతున్నప్పుడు నాకో చప్పుడు వినిపించింది. రావుగారి అడుగు పడినప్పుడల్లా ఎక్కడో టంగుమంటోంది.

ఆయన చేయెత్తి ఆపారు. "విన్నావా? మనల్ని ఎవడో అనుసరిస్తున్నాడు. మనం ఆగితే ఆగుతున్నాడు. ఆరితేరినవాడు."

కాఫీ హోటల్లో సర్వరు హైకోర్టు జడ్జిలా నల్లకోటు వేసుకున్నాడు. పేపర్లు కర్రలకి బిగించి తగిలించి ఉన్నాయి. రావుగారు ఒకటి అడ్డం పెట్టుకున్నారు.

"తలకిందులుగా పట్టుకున్నారు."

"ఈ భాష ఎటు పట్టుకున్నా ఒకటే."

మెనూలో వేలు పెట్టిన చోటల్లా ఏదో ఒకటి వచ్చింది. మొదట చారు. అందులో అట్టుని సన్నగా కత్తిరించి వేశారు. దేంతో కాచిన చారో అడగలేదు, అడిగితే తినలేనని. బావుంది. తరవాత మైదా పొరల్లో యాపిల్ ముక్కలు చుట్టి, పైన పంచదార చల్లిన పదార్థం. మా ఊళ్ళో పెళ్ళివారికి పెడితే రెండో పూట కూడా కదలరు. కాఫీ వెండి పళ్ళెంలో, పక్కన గ్లాసుడు మంచినీళ్ళతో వచ్చింది. రావుగారు ఆ నీళ్ళు వాసన చూసి పూలకుండీలో పోశారు. "మత్తుమందు."

అడగకుండానే మంచినీళ్ళిచ్చిన ఊరిని అనుమానించే మనిషితో నేను దేశం దాటి వచ్చాను.

అంతలో ఆకుపచ్చ కోటు లేచింది. మళ్ళీ ట్రాము. ఈసారి ఒక పార్కులో పెద్ద రంగులరాట్నం దగ్గర తేలాము. దానికి గదులంత పెట్టెలు. ఆవిడ ఎక్కిన పెట్టెలోకే రావుగారు నన్ను తోశారు. పెట్టె పైకి వెళ్ళి, వియన్నా అంతా మంచుపొగలో బొమ్మకొలువులా కనబడుతున్న వేళ, ఆయన ఆవిడ ముందుకి దూకి, "డబ్బా ఎక్కడ?" అన్నారు.

ఆవిడ తిరిగింది. హుబర్ కాదు. ఆ ఊళ్ళో ముసలమ్మలందరికీ అదే కోటు, అదే టోపీ. పొద్దుటి నుంచీ ఎంతమంది వెనకాల తిరిగామో దేవుడికే తెలియాలి.

గొడుగుతో మొదటి దెబ్బ రావుగారికి పడింది. రెండోదీ ఆయనకే. పెట్టె కిందికి దిగడానికి పది నిమిషాలు పట్టింది కాబట్టి మిగిలినవి సమానంగా పంచుకున్నాము.

కిరణ్ వీధిలో ట్రాము దిగేసరికి మంచుతో కలిసిన వాన. సందు మొదట్లో ఒక చర్చి హాలుంది. రోజూ దాని ముందునుంచే వెళ్ళేవాళ్ళం. "కేసుకి పనికిరాని భవనం," అని రావుగారు మొదటిరోజే కొట్టేశారు. తడవకుండా అందులోకే దూరాము. గుమ్మం దగ్గర ఒకామె నవ్వుతూ చెరొక చీటీ చేతిలో పెట్టింది.

"నలభై ఏడు," అన్నారు రావుగారు వణుకుతూ. ఆ వణుకు చలికి కాదు. "ముఠా సంకేతం. అదిగో నాయకుడు, మైకు పట్టుకున్నవాడు. నువ్వు తలుపు దగ్గర ఉండు."

"రావుగారూ, మీకు దండం పెడతాను, కూర్చోండి."

వేదిక మీద మైకాయన ఏదో అంకె చదివాడు. అదే క్షణంలో మంకీక్యాపు మెట్లెక్కింది. చీటీని ఆయన ముక్కు ముందు ఆడించి, "వాట్ ఈజ్ దిస్?" అని గర్జించింది. ఆయన చీటీ చూశాడు. రావుగారిని కౌగిలించుకున్నాడు. హాలంతా చప్పట్లు. ఎర్ర రిబ్బను కట్టి, పల్చటి మెరుపు కాగితం చుట్టిన బహుమతిని రావుగారి చేతుల్లో పెట్టారు.

మెరుపు కాగితంలోంచి చుక్కలు చుక్కలుగా 'దుర్గాంబ' కనబడింది. ముందు వరసలో అసలైన హుబర్ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

కిరణ్ వచ్చాక అంతా బయటపడింది. ఆవిడ దాన్ని బహుమతి అనుకుంది. అంత అందమైన గిన్నె తనొక్కతే ఉంచుకోకూడదని, తన చేత్తో చేసిన నెలవంక బిస్కెట్లు నింపి, చర్చి లాటరీకి ఇచ్చింది. ఆ రాత్రి నేను వియన్నాలో మొదటిసారి కడుపునిండా గంజి తాగాను.

జనక్‌పురిలో మెట్లు ధైర్యంగా ఎక్కాను. కమలాకుమారి గారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు. ఓవర్‌కోటు విప్పకుండానే రావుగారు ముఠాని వర్ణించడం మొదలుపెట్టారు. ముసలమ్మ గొడుగు అప్పటికే కత్తి అయింది.

దుర్గాంబ అదేం వినకుండా రిబ్బను విప్పి, ఒక బిస్కెట్టు కొరికి, "ఖాళీగా పంపలేదు. మర్యాద తెలిసినావిడ," అంది. తరవాత డబ్బాని అటూ ఇటూ తిప్పింది. "మూతేదండీ?"

నా గుండె మళ్ళీ మెట్ల దగ్గరికి దిగిపోయింది.

"మూత దొంగ వేరు," అంటూ రావుగారు లేచి నిలబడ్డారు. టంగుమంది.

"అదేం చప్పుడు?" అంది దుర్గాంబ.

ఆయన పెదాల మీద వేలుంచుకున్నారు. "వాడే. జనక్‌పురి దాకా వచ్చాడు."

కమలాకుమారి గారు మొగుడి దగ్గరికి వెళ్ళి, కోటు జేబులో చేయి పెట్టారు. జేబుకి చిల్లు. మోచేతి దాకా చేయి అస్తరులోకి పోయింది. ముందు వాళ్ళ బీరువా తాళాలు వచ్చాయి. తరవాత మూత వచ్చింది, లోపలివైపు కాస్త సున్నుండల పొడి అంటుకుని.

మూతలేని గిన్నె చేతిలో పెడితే ఎవరైనా బహుమతే అనుకుంటారు. దుర్గాంబ మూతని డబ్బాకి నొక్కి చూసింది. సరిపోయింది. ఆవిడ నావైపు చూసి, కాఫీ తెస్తానంటూ లోపలికి వెళ్ళింది.

రావుగారు గొంతు సవరించుకున్నారు. "నేరస్తుడు నాకు అతి సమీపంలో ఉన్నాడని..."

"తెలుసు," అన్నారు కమలాకుమారి గారు, తాళాలు బొడ్లో దోపుకుంటూ. "ముప్ఫయ్యేళ్ళుగా వాడితోనే కాపురం చేస్తున్నాను."